మహమ్మారి, పన్ను, సమ్మతి: గుంటూరు–ప్రకాశం మైదానంలో స్థానిక ఆరోగ్యపాలన (1918–2021)

వ్యాససంగ్రహం

పత్తి, మిరప, పొగాకు పంటలకు నెలవైన గుంటూరు–ప్రకాశం మైదానంలో ప్రజారోగ్యం పేరిట జరిగిన పాలనా నిర్ణయాలను ఈ వ్యాసం రెండు సందర్భాలలో పరిశీలిస్తుంది. మొదటిది 1918 ఇన్‌ఫ్లుయెంజా అనంతరకాలంలో తలెత్తిన చీరాల–పేరాల పురపాలక వివాదం. రెండవది 2020 కొవిడ్ కాలంలో ఎన్నికైన పాలకవర్గాలు లేకుండా సాగిన పట్టణ, గ్రామ పాలన. ఆరోగ్య నిర్ణయం ఎంత శాస్త్రీయమైనదైనా, దాని భారం మోసేవారికి నిర్ణయంలో పాలు లేనప్పుడు అది వారికి ఆజ్ఞగానే మిగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్థానిక స్వపరిపాలన, ప్రజారోగ్యం, చీరాల–పేరాల, ఇన్‌ఫ్లుయెంజా, కొవిడ్–19, పురపాలక సంఘం.

1. ఉపోద్ఘాతం

మహమ్మారుల చరిత్ర రాసేటప్పుడు చరిత్రకారుల దృష్టి సాధారణంగా మరణాల సంఖ్య మీద, వైద్యవిజ్ఞానం మీద, కేంద్ర ప్రభుత్వాల చర్యల మీద నిలుస్తుంది. వీధి ఊడ్పించడం, బావిలో మందు కలిపించడం, సంతను మూయించడం, ఇంటిపన్ను విధించడం వంటి పనులు చేసే స్థానిక సంస్థలు ఆ చరిత్రలో అంచున మిగిలిపోతాయి. సామాన్యుడికి ప్రభుత్వం ఎదురయ్యేది మాత్రం ఆ అంచులోనే. అక్కడ తీసుకొన్న నిర్ణయం ఎవరిది, ఖర్చు ఎవరిది, కష్టం ఎవరిది అన్న మూడు ప్రశ్నలు ఈ పరిశీలనకు ఆధారం.

2. బాధ్యత కిందికి, అధికారం పైకి

రిప్పన్ ప్రభువు 1882 తీర్మానం తరువాత మద్రాసు రాజధానిలో 1884లో స్థానిక బోర్డుల చట్టం, జిల్లా పురపాలక సంఘాల చట్టం వచ్చాయి. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, వాటికింద యూనియన్ అనే అంచెలు ఏర్పడ్డాయి. పారిశుధ్యం, వీధిదీపాలు, దారుల మరమ్మతు యూనియన్ల వంతు. వాటి ప్రధాన ఆదాయం ఇంటిపన్ను. అంటే ఊరి ఆరోగ్యం ఊరి పన్ను మీదనే ఆధారపడింది. నిధులు చాలనప్పుడు ఆరోగ్యం మెరుగుపడాలంటే పన్ను పెరగాలి. పన్ను పెంచాలంటే యూనియన్ పురపాలక సంఘంగా మారాలి. ఈ మార్పును నిర్ణయించే అధికారం మాత్రం ఊరికి లేదు, మద్రాసు ప్రభుత్వానికే ఉంది.

1918లో బొంబాయి రేవు ద్వారా దేశంలోకి వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా భారతదేశంలో కోటికి పైగా ప్రాణాలను బలిగొన్నదని చరిత్రకారుల అంచనా. బొంబాయి, మధ్యపరగణాలతో పోలిస్తే మద్రాసు రాజధానిలో మరణాల రేటు తక్కువే. అయినా యుద్ధకాలపు ధరల పెరుగుదల, అదే ఏడు రాజధానిలో పలుచోట్ల జరిగిన ధాన్యపు దోపిడీలు ప్రజల బతుకును అప్పటికే కుంగదీశాయి. 1919 రాజ్యాంగ సంస్కరణలు స్థానిక స్వపరిపాలనను, ప్రజారోగ్యాన్ని మంత్రులకు అప్పగించిన శాఖలలో చేర్చాయి. రాజధాని స్థాయిలో బాధ్యత భారతీయుల చేతికి వచ్చింది. ఊరి స్థాయిలో సమ్మతి అన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచింది.

3. చీరాల–పేరాల: వద్దన్న పురపాలక సంఘం

చీరాల, పేరాల గ్రామాలు అప్పటి గుంటూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలో, తరువాత ప్రకాశం అని పేరు మారిన ఆ జిల్లాలో, చేరాయి. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉన్నాయి. ఈ ఊళ్లు చేనేతకు ప్రసిద్ధి. పరిసర గ్రామాలతో కలిసి యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా వసూలైన పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో ప్రభుత్వం దీనిని పురపాలక సంఘంగా మార్చాలని నిర్ణయించడంతో పన్ను సుమారు 40,000 రూపాయలకు చేరే పరిస్థితి వచ్చింది. జనాభా దాదాపు 15,000. వారిలో అధికులు మగ్గం మీద బతికేవారు.

ప్రజలు విజ్ఞాపనలు పంపారు, సభలు జరిపారు. స్థానిక స్వపరిపాలన మంత్రి పానగల్లు రాజా నిర్ణయాన్ని వెనక్కి తీసుకోలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతం తీసుకొనే అధికారిని నియమించి పురపాలక సంఘాన్ని నడిపింది. పన్ను నిరాకరించినవారిని జైలుకు పంపింది. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా ఉంది.

1921 ఏప్రిల్‌లో చీరాలకు వచ్చిన గాంధీజీ రెండు మార్గాలు చూపారు. అహింసాయుతంగా పన్ను నిరాకరించడం ఒకటి, పురపాలక సరిహద్దు దాటి వెళ్లిపోవడం రెండవది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండవదానిని ఎన్నుకొన్నారు. దాదాపు 13,000 మంది ఊరు విడిచి, సరిహద్దు వెలుపల రామ్‌నగర్ అనే పాకల పట్టణాన్ని నిర్మించుకొని సుమారు 11 నెలలు జీవించారు. రామదండు స్వచ్ఛందసేవకులు అక్కడ క్రమశిక్షణ కాపాడారు. దుగ్గిరాల జైలుపాలు కావడంతో, నిధులు కరగడంతో ఉద్యమం సన్నగిల్లింది. 1922లో ప్రజలు తిరిగి ఇళ్లు చేరారు. పురపాలక సంఘం నిలిచింది.

ఈ ఉద్యమాన్ని సహాయనిరాకరణ చరిత్రలో భాగంగానే ఎక్కువగా చదువుతున్నారు. ఆరోగ్యపాలన చరిత్రగా చదివితే మరొక విషయం కనిపిస్తుంది. చీరాల ప్రజలు పారిశుధ్యాన్ని తిరస్కరించలేదు. దాని వెలను, దానిని నిర్ణయించిన పద్ధతిని తిరస్కరించారు. ఎండవానలకు ఓర్చి పాకలలో బతకడానికి సిద్ధపడిన జనం సుఖం కోసం పన్ను ఎగవేసినవారు కారు. ఎన్నికలు జరిగినా, సభ్యులున్నా, అసలు నిర్ణయం వారి చేతిలో లేదు. కనుక ఎన్నిక ఉన్నంతమాత్రాన సమ్మతి ఉన్నట్టు కాదన్నది చీరాల చెప్పే మొదటి పాఠం.

4. చట్టంలో స్థానం, ఆచరణలో ఖాళీ

1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం స్థానిక సంస్థలకు ఆరోగ్యాధికారులను, అంటువ్యాధుల నివారణాధికారాలను స్పష్టంగా ఇచ్చింది. రాష్ట్రస్థాయిలో ప్రజారోగ్య మండలికి చోటు కల్పించింది. ఆంధ్ర రాష్ట్రావతరణ తరువాత కూడా ఆ చట్టం ఆంధ్ర ప్రాంతంలో కొనసాగింది. 73, 74 రాజ్యాంగ సవరణలు ఆరోగ్యాన్ని, పారిశుధ్యాన్ని పంచాయతీల, పురపాలక సంఘాల అంశాల జాబితాలలో చేర్చాయి. ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నికలు జరగాలని నిర్దేశించాయి.

ఆచరణ వేరుగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018లో, మెజారిటీ పురపాలక సంఘాల గడువు 2019లో ముగిసింది. గుంటూరు నగరపాలక సంస్థకు 2005 తరువాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లోనే. 2012లో నగరపాలక సంస్థగా మారిన ఒంగోలుకు తొలి ఎన్నికలు కూడా 2021లోనే. ప్రత్యేకాధికారుల పాలన ఇక్కడ మహమ్మారి తెచ్చిన ఏర్పాటు కాదు. మహమ్మారి వచ్చేనాటికే ఉన్న స్థితి.

5. 2020: అధికారుల వేగం, ప్రజల భారం

2020 మార్చి 13న రాష్ట్ర ప్రభుత్వం 1897 అంటువ్యాధుల చట్టం కింద కొవిడ్ నిబంధనలు జారీ చేసింది. రెండు రోజుల తరువాత రాష్ట్ర ఎన్నికల కమిషనర్ స్థానిక ఎన్నికలను వాయిదా వేశారు. సర్వోన్నత న్యాయస్థానం ఆ వాయిదాను కొనసాగనిచ్చింది. జనం గుమిగూడే ప్రమాదాన్ని బట్టి చూస్తే వాయిదా సమంజసమే. అయితే ఆరోగ్యాన్ని కాపాడేందుకు తీసుకొన్న ఆ నిర్ణయమే ఆరోగ్య నిర్ణయాలలో ప్రజాప్రతినిధులు లేని కాలాన్ని మరో ఏడాది పొడిగించింది.

మే 1న కేంద్రం ప్రకటించిన జాబితాలో గుంటూరు జిల్లా రెడ్‌జోన్‌లో, ప్రకాశం ఆరెంజ్‌జోన్‌లో ఉన్నాయి. నరసరావుపేటలో కేసులను అదుపు చేయడానికి అధికారులు ‘మిషన్ మే 15’ పేరుతో కార్యక్రమం చేపట్టారు. జూన్‌లో ఒంగోలు, చీరాల పట్టణాలలో మళ్లీ లాక్‌డౌన్ విధించారు. వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు, పారిశుధ్య కార్మికులు ఇంటింటికీ తిరిగారు. ఈ వేగం ప్రాణాలు కాపాడటానికి అవసరమైనదే. మహమ్మారిలో ప్రతి ఉత్తర్వుకూ సభ జరిపి తీర్మానం చేసే వ్యవధి ఉండదు.

కాని భారం ఎవరిమీద పడిందో కూడా చూడాలి. ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన గుంటూరు మిర్చి యార్డుకు సరుకు ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి మే వరకు. సరిగ్గా ఆ కాలంలోనే యార్డు మూతపడి, సుమారు రెండు నెలల తరువాత తెరుచుకొంది. శీతల గిడ్డంగిలో టిక్కీలు నిలువ చేసుకోగలిగిన రైతుకు ధర కోసం ఆగే వీలుంది. అప్పు తీర్చవలసిన కౌలురైతుకు, కోతకూలీకి, యార్డు హమాలీకి ఆ వీలు లేదు. ఒకే ఉత్తర్వు ఒకే మైదానంలో వేర్వేరు బరువులతో పడింది.

ప్రకాశం జిల్లా కురిచేడు ఘటన మరింత విషాదకరం. 2020 జూలైలో కేసులు పెరగడంతో అక్కడ మద్యం దుకాణాలు మూసివేశారు. వ్యసనపరులు శానిటైజర్ తాగగా పదిమందికి పైగా మరణించారు. మృతులలో యాచకులు, కూలీలు ఉన్నారు. దుకాణం మూయడం అంటువ్యాధి దృష్టితో సరైన నిర్ణయమే. అది మూతపడితే వీధిలో ఎవరు ఏం చేస్తారో తెలిసినవారు నిర్ణయం జరిగేచోట లేరు. పంచాయతీ సభ్యుడు ఉంటే మరణాలు జరగవని ఎవరూ రుజువు చేయలేరు. కాని ఆ ప్రశ్న వేయవలసిన బాధ్యత ఎవరికి ఉండేదో చెప్పగలం.

6. ముగింపు

చీరాలలో ఎన్నికైన సభ్యులున్నారు, అధికారం లేదు. 2020లో స్థానిక సంస్థలకు రాజ్యాంగం ఇచ్చిన స్థానముంది, ఎన్నికైన సభ్యులు లేరు. వందేళ్ల దూరంలో ఉన్న ఈ రెండు సందర్భాలలో లోపించింది ఒకటే: నిర్ణయపు భారాన్ని మోసేవారి తరఫున ముందుగా ప్రశ్నించగల స్థానిక గొంతు. 1921లో ఆ గొంతు ఊరు విడిచివెళ్లి వినిపించింది. 2020లో వెళ్లడానికి చోటు లేదు, సరిహద్దులన్నీ మూసే ఉన్నాయి.

2021 ఫిబ్రవరిలో పంచాయతీలకు, మార్చి 10న పురపాలక సంస్థలకు ఎన్నికలు జరిగాయి. కొద్ది వారాలకే రెండవ విడత విజృంభించింది. ఆ కాలపు సర్వసభ్య సమావేశాల తీర్మానాలను, ప్రత్యేకాధికారుల కాలపు ఉత్తర్వులతో పక్కపక్కన పెట్టి చదవడం ఈ ప్రాంతపు ఆరోగ్యపాలన చరిత్రకు తదుపరి పని. ఆ పోలికలోనే ఎన్నికైన గొంతుకు నిజంగా ఎంత బలముందో తేలుతుంది.