గడ్చిరోలి నవజాత శిశు సంరక్షణ ప్రయోగం

మహారాష్ట్రలో తెలంగాణను ఆనుకుని ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల ‘సెర్చ్’ సంస్థ 1990లలో నడిపిన ప్రజారోగ్య ప్రయోగం ఇది. ఆసుపత్రి అందుబాటులో లేని 39 పల్లెల్లో ఏ ఊరికి ఆ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. వాళ్లు బాలింత ఇంటికే వెళ్లి బిడ్డను తూచేవారు, ఒళ్లు చల్లబడకుండా చుట్టడం నేర్పేవారు, ఊపిరి వేగం లెక్కపెట్టేవారు, సెప్సిస్ (ఒళ్లంతా పాకే ఇన్ఫెక్షన్) లక్షణాలు కనిపిస్తే సూదిమందుతో చికిత్స మొదలుపెట్టేవారు. 1999లో ‘లాన్సెట్’ ప్రచురించిన ఫలితాల ప్రకారం మూడో ఏటికి నవజాత శిశు మరణాలు, పోల్చి చూసిన గ్రామాలతో లెక్కిస్తే, 62 శాతం తగ్గాయి.

అంతంతమాత్రం చదువుకున్నవారి చేత సూదిమందు వేయించడం ప్రమాదమన్న అభ్యంతరం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే ఆ పల్లెల్లో శిక్షణ పొందిన ఆ ఊరి మహిళ లేకపోతే వచ్చేది డాక్టరు కాదు, ఎవరూ రారు. పైగా ఆమె పనిలో అధికభాగం చికిత్స కాదు, జబ్బు రాకుండా చూడటమే. 2011లో కేంద్రం ఈ ఇంటి సందర్శనలను ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఇంత బాధ్యత అప్పగించి కూడా వారిని ఉద్యోగులుగా గుర్తించకపోవడం మాత్రం అన్యాయం.