కాలవ తవ్విన చేతులు

ఆ తుమ్మమొద్దు కాస్త ఇటు జరుపు అబ్బయ్యా, పొగంతా నా కళ్ళల్లోకే వస్తంది. పొగాకు బ్యారన్ మీద చేసిన అప్పు తలుచుకుంటే నిద్ర పట్టటంలా అన్నావు గదా ఇందాక. అప్పు తీరే ఉపాయం నా దగ్గర లేదు. మా నాయనమ్మ చెప్పిన ముచ్చట ఒకటుంది. ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది, అంటే నాకు ముత్తవ్వ.

ధాత కరువని ఇనుంటావు. 1876లో వానలు మొండికేసినయ్. ఆ సంవత్సరం పేరు ధాత, అందుకని ఆ పేరొచ్చింది. అప్పుడు మన ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. జనం చింతగింజలు దంచుకు తిన్నారు, బలుసాకు దూసుకు తిన్నారు. మాదిగపల్లెకి సొంత చేనేది? ఊరికి చెప్పులు కుట్టి, మోటబానలు కుట్టి, కళ్ళంలో మేర గింజలు తెచ్చుకుంటేనే బతుకు. రైతు కళ్ళమే ఎండిపోతే మేర ఎవరిస్తారు?

ఆ కరువులోనే సర్కారు బకింగ్‌హాం కాలవ తవ్విస్తంది. మనోళ్ళు పనికి పోటానికి జంకారు, మేస్త్రీలు తిడతారని, కూలి నొక్కేస్తారని. అప్పుడు ఒంగోలు మిషను క్లౌ దొర మూడున్నర మైళ్ళు తనే కాంట్రాక్టుకి తీసుకున్నాడు. అమెరికాలో ఆయన సర్వే పని చేసొచ్చినవాడులే, కొలతలు తెలుసు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పగలు పలుగు, పార. పొద్దుగూకినాక కూర్చోబెట్టి క్రీస్తు మాటలు చెప్పేవాళ్ళు. ఆ గుడిసెల్లో కలరా కూడా జొరబడింది. ముత్తవ్వ ఇద్దరు బిడ్డల్ని ఆ ఇసకలోనే పూడ్చింది. అయినా పారిపోలేదంట. అదేదో ధైర్యమని నాయనమ్మ ఎప్పుడూ గొప్పలు పోలా. "పోతే ఎక్కడికి పోవాల?" అనేది, అంతే.

బాప్తిస్మం ఇయ్యమని జనం అడుగుతానే ఉన్నారు. దొర ఇయ్యనన్నాడు. గింజల కోసం మతంలో కలిశారనే మాట పడగూడదని ఆయన పట్టుదల. ఏడాది దాటినా ఒక్కరికీ ఇయ్యలా. నాకైతే ఈ కథ మొత్తంలో అన్నిటికన్నా గట్టి సంగతి ఇదే. ఆకలి మీదున్న మనిషిని పట్టుకోటం ఎంత తేలికో ఆయనకి తెలుసు, తెలిసే ఆగాడు.

1878లో మిషను చేతిలో కరువు డబ్బులు అయిపోయినయ్. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి కాడికి జనం వేలుగా వచ్చారు. ఇంక నా దగ్గర పెట్టటానికేం లేదు, ఇళ్ళకి పొండి అన్నాడు దొర. వాళ్ళు చేతులు చాపి చూపించారు. కాలవ తవ్వి బొబ్బలెక్కి, కాయలు కాసిన చేతులు. మాకేం పెట్టొద్దు, కష్టం చేసే బతికాం, ఇకముందూ చేస్తాం. వచ్చే పంట గూడా పోతే చస్తాం, ఆ చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, మాకు బాప్తిస్మం ఇయ్యి అన్నారు.

చూశావా? దేవుడు వాన కురిపిస్తాడని ఒక్కడూ అనలా. పంట పోతే చావే అని వాళ్ళకి బాగా తెలుసు, ఆ మాట నోటితోనే చెప్పారు. మనమేమో ఆయన మనం అడిగింది ఇస్తాడనుకోటమే నమ్మకం అనుకుంటాం. ఇయ్యకపోతే అలుగుతాం. వాళ్ళేమో, దేవుడు ఇచ్చినా ఇయ్యకపోయినా ఆయన మనుషులుగానే ఉంటామన్నారు. ఆ మాట అనుకున్నాక కరువు ఇంకేం చెయ్యగలదు వాళ్ళని?

బాప్తిస్మం తీసుకుని ఊళ్ళకి తిరిగొచ్చినాక కష్టాలు తగ్గినయ్యా అంటే తగ్గలా. జాతరలో డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అనేసరికి ఊరి పెద్దలకి మండింది. అది ఇంకో భాగోతం.

ఇక ఆ బాప్తిస్మం సంగతంటావా, దొర చివరికి ఒప్పుకున్నాడు. ఆ ఏడు జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజునే 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరేసి వంతులేసుకుని, పొద్దున్నించీ సందేళ దాకా. దొర తను నీళ్ళలోకి దిగలా, అంతా మనోళ్ళ చేతుల మీదే జరిగింది. మా ముత్తవ్వ ఆ రోజు వరసలో నిలబడీ నిలబడీ వంతు రాక, మర్నాడు నాలుగో తారీఖున దిగిన 700 మందిలో ఒకతె అయింది. నాయనమ్మకి అందుకే కోపం. గుళ్ళో ఎవరన్నా 2,222 అని మొదలుపెడితే చాలు, వెనక బల్ల మీంచి లేచేది: "నాలుగో తారీఖు వాళ్ళు దేవుడి బిడ్డలు కారా అయ్యగారూ?"