అరువు, సొంతం: సినిక్ వారి ‘ఫోకస్’

ఒక కృతిలో పూర్వుల జాడ కనబడగానే దానిని అనుకరణగా తేల్చివేయడం మన సాహిత్య విమర్శకు కొత్త కాదు. రాక్ సంగీత శ్రోతలలోనూ ఈ అలవాటు ఉంది. ఇది ఎంత తొందరపాటో చూపడానికి నాకు తోచే ఉదాహరణ, అమెరికాకు చెందిన సినిక్ బృందం 1993లో వెలువరించిన ‘ఫోకస్’. అందులో ఉన్నవి 8 పాటలే. నిడివి సుమారు 36 నిమిషాలు. ప్రోగ్రెసివ్ మెటల్ చరిత్రలో దాని స్థానం మాత్రం చిన్నది కాదు.

1980ల చివరలో ఫ్లోరిడా డెత్ మెటల్‌కు పెద్ద కేంద్రం. హోరెత్తే గిటార్లు, ఊపిరి సలపనివ్వని డ్రమ్ములు, మాటలు తెలియని గర్జన ఆ సంగీత లక్షణాలు. గిటారిస్టు పాల్ మాస్విడాల్, డ్రమ్మర్ షాన్ రైనర్ట్ ఆ బడిలో చదివినవారే. 1991లో చక్ షుల్డినర్ నడిపిన ‘డెత్’ బృందపు ‘హ్యూమన్’ ఆల్బమ్‌లో వాయించినదీ వీరే. వీరికి మరొక గురుపీఠం కూడా ఉంది. అది జాజ్ ఫ్యూజన్, ముఖ్యంగా ఆంగ్ల గిటారిస్టు అలన్ హోల్డ్స్‌వర్త్ బాణీ. ఈ రెండు అప్పులూ ‘ఫోకస్’లో దాపరికం లేకుండా వినిపిస్తాయి.

మరి సొంతమేది? ‘యురోబోరిక్ ఫార్మ్స్’ పాట వారి 1991 నాటి డెమోలోనే ఉంది. అక్కడ అది వేగమూ నైపుణ్యమూ గల డెత్ మెటల్. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాను ముంచెత్తినప్పుడు బృందం సాధన చేసుకునే చోటు నాశనమై, రికార్డింగు వెనుకబడింది. ఆ తరువాత వచ్చిన ‘ఫోకస్’లో అదే పాట మరో లోకం. గర్జన ఉన్నది గాని దాని పక్కనే వోకోడర్ గుండా యంత్రస్వరంగా మారిన మాస్విడాల్ గొంతు తేలుతుంది. అడుగున షాన్ మలోన్ మెట్లు లేని బాస్ గిటారు జారుతూ పలుకుతుంది. గర్జన, యంత్రస్వరం, జాజ్ లయ, వీటిలో ఏ ఒక్కటీ వారు కనిపెట్టినది కాదు. వాటిని అలా ఇరుగుపొరుగుగా కూర్చోబెట్టడం వారిదే.

తొమ్మిదవ శతాబ్దపు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో కవుల మధ్య పోలికలను మూడు విధాలుగా విభజించాడు: అద్దంలో ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, ఒకరిని పోలిన వేరొక మనిషి వంటిది. మొదటి రెండూ విడువదగినవి. మూడవదానికి తనదైన ప్రాణం ఉన్నది కనుక గ్రాహ్యం. ‘ఫోకస్’ను నేను ఈ మూడవ వర్గంలో చేరుస్తాను.

ఇందులో మొదటి పాట పేరు ‘వేల్ ఆఫ్ మాయ’, అంటే మాయతెర. మాట మన వేదాంతంలోనిదే. అయితే అన్యదేశపు వాసన కోసం సితారు మోత తెచ్చి అతికించలేదు. భావాన్ని తమ భాషలోనే పలికించారు. 2004లో షికాగోలో ఏర్పడిన ఒక మెటల్ బృందం ఈ పాట పేరునే తన పేరుగా పెట్టుకున్నది. అప్పు తెచ్చుకున్నవారే తరువాతి తరానికి అప్పిచ్చారన్నమాట.

ఇందుకు వారు చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. నాటి డెత్ మెటల్ శ్రోతలలో చాలామందికి ఈ సంగీతం మింగుడుపడలేదు. 1994లో బృందం చెదిరిపోయింది. రెండవ ఆల్బమ్ ‘ట్రేస్డ్ ఇన్ ఎయిర్’ రావడానికి 2008 దాకా ఆగవలసివచ్చింది. 2020 జనవరిలో రైనర్ట్, అదే ఏడు డిసెంబరులో మలోన్ కన్నుమూశారు. ‘ఫోకస్’కు నడకనిచ్చిన డ్రమ్మూ బాసూ ఒకే ఏడాది మూగబోయాయి.

ఆసక్తి గలవారు ‘యురోబోరిక్ ఫార్మ్స్’ రెండు రూపాలనూ వెంటవెంటనే విని చూడండి. అరువు ఎక్కడ ముగిసి సొంతం ఎక్కడ మొదలవుతుందో వాదన అవసరం లేకుండానే చెవికి తెలుస్తుంది.