ఇన్‌స్టాల్ చేయకుండా నడిచే సాఫ్ట్‌వేర్ కథ

అన్నలూ, తమ్ముళ్లూ, సైటు ఆఫీసులో ఏ కంప్యూటర్‌లో లాగిన్ అయినా కొన్నిచోట్ల మన ప్రోగ్రాం దానంతటదే వచ్చేస్తుంది. ఈ పద్ధతి ఎట్లా పుట్టిందో క్లుప్తంగా చెప్తా.

1990ల్లో ఐటీ మనిషి సీడీ పట్టుకుని చాలాచోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ తిరిగేవాడు. పైగా రెండు ప్రోగ్రాంలు ఒకే డీఎల్ఎల్ ఫైలును వాడుకుంటుంటే, కొత్తది ఎక్కించగానే ఒక్కోసారి పాతది ఆగిపోయేది. 1995లో సిట్రిక్స్ కంపెనీ విన్‌ఫ్రేమ్ తెచ్చింది. ప్రోగ్రాం సర్వర్‌లో నడుస్తుంది, మన దగ్గరికి స్క్రీన్ బొమ్మ మాత్రమే వస్తుంది. అమెరికాలోని సాఫ్ట్రిసిటీ కంపెనీ సాఫ్ట్‌గ్రిడ్‌తో ఇంకో దారి పట్టింది. ప్రోగ్రాంను దాని ఫైళ్లు, సెట్టింగులతో సహా ఒక ప్యాకేజీగా కట్టేస్తారు. అది మన కంప్యూటర్‌లోనే నడుస్తుంది గానీ విండోస్‌లో కలిసిపోదు. పోర్టాక్యాబిన్ లాగన్నమాట: తెచ్చి పెడతారు, పని అయ్యాక ఎత్తుకుపోతారు.

2006లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొన్నది. సాఫ్ట్‌గ్రిడే తర్వాత యాప్-వీ అయింది. 2016లో విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్‌లోనే దాన్ని కలిపేశారు.

దీంతో తిరుగుడు తప్పింది, తాళం మాత్రం హెడ్డాఫీసు చేతికి పోయింది. లిస్టులోంచి మన పేరు తీసేస్తే ప్రోగ్రాం మనకు కనపడదు. ఓవర్‌టైం గంటలు అందులోనే ఉంటే, ఆ లెక్క మీ నోట్‌బుక్కులో కూడా రాసిపెట్టుకోండి.