గాలానికి ఇంటరప్టు

గంటల తరబడి బెండు వైపే చూస్తూ కూర్చోవడాన్ని మన భాషలో పోలింగ్ అంటారు. చేప తగిలినప్పుడు గాలమే మనల్ని పిలిస్తే, అది ఇంటరప్టు. ఈ రెండోదానికి బాగా పేరు తెచ్చినవాడు రిచర్డ్ వాకర్ అనే ఇంగ్లండు ఆయన. ఆయనా ఇంజినీరే లెండి, యుద్ధకాలంలో రాడార్ల మీద పనిచేశాడు.

పెద్ద కార్ప్ చేపలు రాత్రిపూట మేతకొస్తాయి, చీకట్లో బెండు కనబడి చావదు. అందుకని దారం లాగగానే కాంటాక్టు కలిసి బజర్ మోగే పెట్టె ఒకటి కట్టుకున్నాడు. 1952 సెప్టెంబరు 13 తెల్లవారుజామున, రెడ్‌మైర్ అనే చిన్న చెరువు గట్టున అది మోగింది. 44 పౌండ్ల కార్ప్! అంటే దాదాపు 20 కిలోలు, బ్రిటన్ రికార్డు. దాన్ని ప్రాణాలతోనే లండన్ జూకి పంపారు.

తర్వాత 1970ల్లో ఆప్టానిక్ వచ్చింది. దారం కదిలితే చిన్న చక్రం తిరిగి కాంతిని అడ్డుకుంటుంది, పెట్టె కూస్తుంది. ఇంకేం, జనం గుడారాల్లో నిద్రపోతూ వేటాడ్డం మొదలెట్టారు.

అయితే 1980 జూన్ 16న అదే చెరువులో క్రిస్ యేట్స్ 51 పౌండ్ల 8 ఔన్సుల కార్ప్ పట్టాడు. అలారంతో కాదు, చేపని కళ్ళతో చూసి, మొక్కజొన్న గింజలు ఎర వేసి!

నన్నడిగితే, రెండు మూడు కర్రలు వేసి రాత్రంతా ఉండేవాళ్ళకి అలారం కావాల్సిందే. ఒక్క కర్ర చేతిలో పట్టుకునేవాళ్ళకి దండగ. పారే నీళ్ళలో అయితే కొట్టుకొచ్చే ప్రతి ఆకుకీ ఫాల్స్ అలారమే. పైగా చేప ఎరని నోట్లోకి పీల్చి, దారం కదలకుండా ఉమ్మేసిందనుకోండి, పాపం ఆ పెట్టెకి తెలియనే తెలియదు.