గోందు డబ్బా నుంచి పాలసీ ఫైలు దాకా

నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. ఒత్తులు తప్పితే ఎప్పటిలాగే దిద్దండి. ఈసారి రాసేది కూడా దిద్దడం గురించే.

రైల్వేలో గుమాస్తాగా చేరిన రోజు నా చేతికిచ్చినవి కత్తెర, గోందు డబ్బా. చార్జీల పుస్తకాలూ కమర్షియల్ మాన్యువలూ మార్పు వచ్చినప్పుడల్లా మళ్ళీ అచ్చు వెయ్యరు. పైనుంచి కరెక్షన్ స్లిప్పు వస్తుంది. ఫలానా పేరాలో ఈ మాటకు బదులు ఆ మాట చదువుకోవాలి, ఫలానా తేదీ నుంచి అమలు అని ఉంటుంది. దాన్ని కత్తిరించి, ఆ పేరా దగ్గర అంటించి, సంతకం పెట్టాలి. పుస్తకం పాతదే, రూలు మాత్రం కొత్తది.

ఒకసారి ఒక స్లిప్పు ఒక ప్రతిలో అంటించి, రెండో ప్రతిలో మరిచిపోయాను. కొన్ని వారాలు ఒక కౌంటర్లో ఒక రేటు, పక్క కౌంటర్లో ఇంకో రేటు. తక్కువ వసూలైన డబ్బు నా జీతంలోంచి పోయింది. ఆ నెల ఇంట్లో ఏం చెప్పానో ఇక్కడ రాయను.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మా తమ్ముడి కూతురు ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. దీపావళికి వచ్చి కూడా కంప్యూటర్ ముందే కూర్చుంది. ఏమ్మా ఇది అంటే, "పాలసీ ఫైలు పెదనాన్నా, ఒక్క అక్షరం తప్పినా ప్రోగ్రాం లేవదు" అంది. విడమరిచి చెప్పించుకున్నాను.

1990లలో విండోస్ కంప్యూటర్లలో చాలా ప్రోగ్రాములు కొన్ని భాగాలను ఉమ్మడిగా వాడుకునేవి. కొత్త ప్రోగ్రాం ఒకటి పెడితే అది ఉమ్మడి భాగాన్ని తన సొంత రకంతో మార్చేసేది. పాత ప్రోగ్రాం మర్నాడు పడుకునేది. ఇంజనీర్లు ఆ బాధకు డీఎల్ఎల్ నరకం అని పేరు పెట్టారు. 2002లో మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ తెచ్చినప్పుడు ఒకే భాగం తాలూకు పాత రకం, కొత్త రకం పక్కపక్కనే ఉండనిచ్చింది. ఏ ప్రోగ్రాం దేనితో తయారైందో దాన్నే అడుగుతుంది. బాగానే ఉంది. కానీ పాత రకంలో తప్పు దొరికి, సరిచేసిన రకం వస్తే? ప్రోగ్రాం ఇంకా పాతదాన్నే అడుగుతూ కూర్చుంటుంది. అందుకే పాలసీ ఫైలు: 1.0 అడిగితే 1.1 ఇవ్వు, అంతే. ప్రోగ్రాంను ముట్టుకోనక్కర్లేదు.

నేను నవ్వాను. అది మా స్లిప్పే కదమ్మా!

సంతకం కూడా ఉంది. ఆ భాగాన్ని తయారుచేసినవాడి పాలసీ చెల్లాలంటే, అసలు భాగానికి వాడిన తాళంతోనే దానికీ ముద్ర పడాలి. వరసా ఉంది. ముందు ప్రోగ్రాం సొంత ఫైలు చూస్తుంది, తర్వాత తయారీదారు పాలసీ, చివరికి ఆ కంప్యూటర్ మొత్తానికి పెద్దదైన మెషిన్ కాన్ఫిగ్ ఫైలు. చివరిదానిదే ఆఖరి మాట, మనకు రైల్వే బోర్డు ఉత్తర్వు లాగ. తయారీదారు పాలసీ నాకొద్దు అని చెప్పుకునే వీలు కూడా ప్రోగ్రాంకు ఇచ్చారు. ఆ వీలు మాకు లేదు.

మన రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. సీఎంసీ సంస్థ చేసిన ఆ ప్రోగ్రాం పేరు ఇంప్రెస్. కొద్ది ఏళ్ళలో మద్రాసు, బొంబాయి, కలకత్తా, సికిందరాబాదుకు వచ్చింది. కాలిపోయిన మూర్ మార్కెట్ స్థలంలో లేచిన బిల్డింగులో క్యూ కట్టినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. కానీ ఐదు ఊళ్ళవీ ఐదు వేరే కొట్లు. ఇక్కడినుంచి సికిందరాబాదు కొట్లోకి తొంగిచూడలేం. పెళ్ళికి వెళ్ళేవాళ్ళకు పోయే టికెట్టు చేతిలో, వచ్చే టికెట్టు దేవుడి చేతిలో. క్రిస్ సంస్థ తయారుచేసిన కాన్సర్ట్ 1994లో మొదట సికిందరాబాదులో పెట్టారు, 1999కి ఐదూ కలిశాయి. అప్పటినుంచి ఒక రూలు మారిందంటే ఐదు చోట్లా ఒకేలా మారాలి. రెండో ప్రతిలో అంటించడం మరిచిన నాకు ఆ బరువు తెలుసు.

2010 డిసెంబరు 20న దేశంలో రైళ్ళ నంబర్లన్నీ నాలుగంకెల నుంచి ఐదంకెలయ్యాయి. మన హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ 2603 కాస్తా 12603 అయింది. బండి అదే, బోగీలు అవే. ముందస్తు బుకింగ్ గడువు 2013లో 120 రోజుల నుంచి 60కి తగ్గింది, 2015లో మళ్ళీ 120, 2024 నవంబరు నుంచి మళ్ళీ 60. అన్నీ స్లిప్పులే, గోందు లేదు, అంతే తేడా.

కొన్ని మాత్రం ఎవరూ దిద్దరు. 1996లో మద్రాసు చెన్నై అయింది. 2019లో సెంట్రల్ స్టేషన్‌కు ఎంజీఆర్ పేరు పెట్టారు. స్టేషన్ కోడ్ ఇప్పటికీ ఎమ్‌ఏఎస్. పైకి కనిపించే పేరు మార్చుకోవచ్చు గానీ, లోపల లెక్కలన్నీ వేలాడే కొక్కెం మారిస్తే ఎక్కడెక్కడ ఏం రాలిపడుతుందో తెలియదు. అందుకే కాకినాడ టౌన్ ఇంకా సీసీటీ, కొకనాడ నాటిది.

మొన్న పినాకినికి టికెట్టు తీస్తే మనవరాలు దాన్ని చూసి, విజయవాడకు వీ రావాలి కదా తాతా, బీజెడ్‌ఏ ఏమిటి అంది. బెజవాడ అన్నాను. అదెక్కడుంది అంది.