బొమ్మ ముందు, ధర వెనుక

1962 ఆగస్టు మొదటి వారంలో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో చనిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లో చిత్రకారుడు ఆండీ వార్హోల్ స్క్రీన్ ప్రింటింగ్‌కు చెయ్యి అలవాటు చేసుకుంటున్నాడు. మన దగ్గర శుభలేఖలూ గుడ్డ సంచులూ అచ్చేసే పద్ధతే అది. చట్రానికి బిగించిన పల్చటి గుడ్డ మీదికి ఫొటో దించుతారు. రంగు దిగకూడని చోట రంధ్రాలు మూసేస్తారు. పైనుంచి రబ్బరు పలకతో రంగు లాగితే కింద బొమ్మ పడుతుంది.

'నయాగరా' సినిమా ప్రచారానికి తీసిన మన్రో ఫొటో ఒకటి సంపాదించి, మెడ దాకా ఉంచి మిగతాది కత్తిరించేశాడు. ఆ ఏడాదే బంగారు రంగు పూసిన పెద్ద కేన్వాసు నడుమ ఆ ముఖాన్ని చిన్నగా అచ్చేశాడు. పిట్స్‌బర్గ్‌లో బైజాంటైన్ కేథలిక్ చర్చిలో, బంగారు నేపథ్యంలోని పునీతుల పటాలు చూస్తూ పెరిగినవాడు మరి. విమర్శకులు ఆ పోలిక పట్టుకున్నారు, సబబుగానే పట్టుకున్నారు.

అయితే కేన్వాసు ఒక్కరింటికే వెళ్తుంది. 1967లో వార్హోల్ 'ఫ్యాక్టరీ అడిషన్స్' పేరుతో సొంతంగా ప్రింట్లు వెలువరించడం మొదలుపెట్టాడు. మొదట ఎంచుకున్నది మళ్లీ ఆ ఫొటోనే. మూడడుగుల చదరం కాగితం, పది రకాల రంగుల పొందిక. ఒకదాంట్లో ముఖం గులాబీ, ఇంకొకదాంట్లో ఆకుపచ్చ, వేరొకదాంట్లో దాదాపు అంతా నలుపూ బూడిదరంగే. పెదవుల ఎరుపు గీత దాటి పక్కకు జరిగి ఉంటుంది, కనురెప్పల రంగు అంటించినట్టుంటుంది. మనిషి ఎక్కడో తప్పుకుని, అలంకరణ ఒక్కటే మిగిలినట్టు. ప్రతీక అంటే నాకు ఇక్కడ కనిపించేది అదే.

అచ్చు పని ఏట్నా సిల్క్‌స్క్రీన్ అనే సంస్థది. రంగుల ఎంపిక, వెనకవైపు పెన్సిల్ సంతకం వార్హోల్‌వి. సంఖ్యను రబ్బరు స్టాంపుతో కొట్టారు. మొత్తం 250 సెట్లు, అవి కాక ఎ నుంచి జెడ్ దాకా అక్షరాలు వేసిన మరో 26.

ఆ 250 ఎందుకు? పాతకాలపు చెక్కడాల్లో పరిమితికి ఒక కారణం ఉండేది. రాగి రేకు అరుగుతుంది, మొదటి ప్రతుల్లో ఉన్న పదును చివరి ప్రతుల్లో ఉండదు. స్క్రీన్‌కు ఆ బాధ అంతగా లేదు. పాడైతే అదే ఫొటోతో ఇంకోటి చేయించుకోవచ్చు. అంటే కొరత యంత్రంలో లేదు, మనిషి నిర్ణయంలో ఉంది. ఒకే బొమ్మను వరసలు వరసలుగా అచ్చేసి పేరు తెచ్చుకున్నవాడే లెక్కపెట్టి ఆపడం నేర్చాడు. 1968లో క్యాంప్‌బెల్ సూప్ డబ్బాలు, 1970లో పూలు: అవే పదేసి, అవే 250.

తమాషా ఏమిటంటే, తాను గీసుకున్న ఆ పరిమితిని చెరిపే పనికీ అతనే కొంత సాయపడ్డాడు. 1970ల్లో 'సండే బి. మార్నింగ్' పేరుతో యూరప్‌లో మార్లిన్ ప్రింట్లు మళ్లీ వచ్చాయి. మొదట వార్హోల్ వాటిని వేసినవాళ్లతో చేతులు కలిపాడు, తర్వాత చెడింది. వాటి వెనక సంతకం బదులు, సంతకం మీరే చేసుకోండి అనే ముద్ర ఉండేది. అలాంటి కొన్ని తన ముందుకొస్తే, ఇది నేను చేసింది కాదు అని రాసి, కింద సంతకం పెట్టాడట! కాదన్నా ఆ సంతకానికీ ధర వచ్చింది.

ఇవాళ 1967 నాటి అసలు ప్రింటు ఒక్కటే లక్ష డాలర్లు దాటి పలుకుతుంది. పక్కన పెడితే ఒకేలా కనిపించే సండే బి. మార్నింగ్ ప్రతి మామూలుగా వేలల్లోనే ఆగుతుంది. 1964 నాటి మార్లిన్ కేన్వాసు ఒకటి 2022 మే నెలలో క్రిస్టీస్ వేలంలో సుమారు 19.5 కోట్ల డాలర్లకు పోయింది.

వార్హోల్ పేరు మీదున్న వాటిలో అసలేదో నకిలీ ఏదో తేల్చేందుకు 1995లో ఒక బోర్డు ఏర్పడింది. తిరస్కరించిన వాటి వెనక అది 'డినైడ్' అని ముద్ర గుద్దేది. దావాల ఖర్చు తడిసి మోపెడవడంతో, 2011లో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఇప్పుడు ప్రింట్ల వ్యాపారులకు ఆధారం ఫెల్డ్‌మన్, షెల్‌మన్ కూర్చిన జాబితా. మార్లిన్లు పదీ అందులో రెండో విభాగంలో 22 నుంచి 31 దాకా ఉంటాయి. బేరాలన్నీ ఆ నంబర్లతోనే.